మూడు నిమిషాలు, ఐదుగురు జడ్జీలు, పదకొండు మంది పిల్లలు

పది వారాల స్లామ్ కవిత్వ వర్క్‌షాప్ కేస్ స్టడీ ఇది. పద్నాలుగు మందితో మొదలై పదకొండు మందితో ముగిసింది. పిల్లల వయసు 13 నుంచి 17. వారానికొక రోజు, రెండేసి గంటలు. చివర్లో ఒక సాయంత్రం పోటీ. నేర్పింది నేనొక్కదాన్నే. పేర్లు రాయలేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. ఎవరి కవిత గురించి ఎక్కువ రాశానో ఆ అమ్మాయి దీన్ని ముందే చదివింది. ఒక పేరా కొట్టేసి, మిగతాది ఉంచమంది.

ఏడో వారంలో నేనొక తప్పు చేశాను. బాగా జరిగినవి కూడా రాస్తాను గానీ, అసలు రాయాలనిపించింది ఆ తప్పు గురించే.

ఆట నియమాలు

స్లామ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సొంత కవితని స్టేజీ మీద చెప్పి, మార్కుల కోసం పోటీపడే ఆట ఇది. 1986లో షికాగోలో, భవన నిర్మాణ పనులు చేసుకునే మార్క్ స్మిత్ అనే కవి గ్రీన్ మిల్ అనే జాజ్ క్లబ్‌లో దీన్ని మొదలుపెట్టాడు. కవిసభల బిగుతు ఆయనకి గిట్టేది కాదు. తీర్పుని పండితుల దగ్గర్నుంచి లాక్కుని, హాల్లో కూర్చున్న ఎవరో ఐదుగురికి అప్పజెప్పాడు. ఆ ఐదుగురూ సున్నా నుంచి పది దాకా, ఒక దశాంశంతో మార్కులు వేస్తారు. అన్నిటికన్నా పెద్దదాన్నీ చిన్నదాన్నీ తీసేసి మిగిలిన మూడింటినీ కూడతారు. అంటే నిండు మార్కులు 30. కవిత సొంతదే అయ్యుండాలి. వేషాలు, వస్తువులు, సంగీతం కుదరవు. సమయం మూడు నిమిషాలు. ఆ పైన పది సెకన్లు చూసీ చూడనట్టు వదిలేస్తారు, అది కూడా దాటితే ప్రతి పది సెకన్లకీ అర మార్కు కోత. అమెరికా జాతీయ పోటీ 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. టీనేజర్ల కోసం యూత్ స్పీక్స్ సంస్థ నడిపే బ్రేవ్ న్యూ వాయిసెస్ 1998లో, షికాగోలో లౌడర్ దాన్ ఎ బాంబ్ 2001లో వచ్చాయి. మేమూ దాదాపు ఈ నియమాలే పెట్టుకున్నాం.

నేర్పేవాళ్లకి ఇందులో ఒక చిక్కుంది. జడ్జీలు కవితతో పాటు కవిని కూడా చూస్తూ మార్కులు వేస్తారు. పదిహేనేళ్ల పిల్ల మైకు ముందు నిలబడి తన బాధ చెప్పుకుంటుంటే 6.2 వేయడానికి ఎవరికి చేతులొస్తాయి? ఈ సంగతి పిల్లలు రెండో వారానికల్లా కనిపెట్టేస్తారు. మనం ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

చేతి భాష, నోటి భాష

అంతకుముందు బ్యాచ్‌లో మొదటి రోజే వీడియోలు చూపించాను. పది వారాల తర్వాత స్టేజీ మీద పన్నెండు మంది ఒకే మనిషిలా మాట్లాడారు. అందుకని ఈసారి నాలుగు వారాల దాకా ఒక్క వీడియో కూడా వేయలేదు. "మరి స్లామ్ ఎలా ఉంటుందో మాకెలా తెలుస్తుందక్కా?" అని గొణిగారు. గొణగనిచ్చాను.

మొదటి వారం కాగితాల్లో వచ్చినవి ఇలాంటివి: "ఓ సమాజమా, నీ కనులు తెరువుము", "నా హృదయాంతరాళంలో ఎగసిపడే కన్నీటి కెరటం". రెండోది రాసిన పిల్లాడే విరామంలో పక్కవాడితో అంటున్నాడు: "మా అన్నయ్య నా ఛార్జర్ ఎన్నాళ్ల నుంచి వాడుతున్నాడంటే, ఇప్పుడు నేను అడిగి తీసుకోవాల్సి వస్తోందిరా." ఆ కెరటాన్ని పక్కన పెట్టి ఛార్జర్ గురించి రాయమన్నాను. నేను ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు.

తెలుగులో ఈ పని నేర్పేవాళ్లకి ఎదురయ్యే మొదటి గోడ ఇదే. పెన్ను పట్టుకోగానే నోరు మూసుకుపోతుంది. ఇన్నేళ్లుగా పరీక్ష కాగితం మీద రాసిన తెలుగు ఒకటి, అరుచుకుని కొట్లాడుకునే తెలుగు ఇంకొకటి. మాట్లాడినట్టు రాస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టించుకున్న అనుభవం వాళ్లందరికీ ఉంది. "తప్పులు పోవా అక్కా?" అని ఒక పిల్ల నిజంగానే అడిగింది.

రెండు అభ్యాసాలు పనిచేశాయి. ఒకటి: "మీ ఇంట్లో మూడుసార్లకి మించి విన్న వాక్యాలు పది రాయండి. ఒక్క అక్షరం మార్చకూడదు." వచ్చినవాటిలో కొన్ని: "ఆ లైటెవరు ఆర్పుతారు?", "నీ వయసులో నేను", "నలుగురూ ఏమనుకుంటారు", "ఏం లేదులే, పడుకో". చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి.

రెండోది జంటగా చేసేది. ఒకరు రెండు నిమిషాలు ఏదో ఒకటి చెప్తారు. రెండోవాళ్లు "అంటే", "మరి", "ఇంక" లాంటివాటితో సహా విన్నది విన్నట్టు రాస్తారు. ఆ కాగితం చెప్పినవాళ్లకి తిరిగిచ్చేస్తే, తీసేయాల్సినవి వాళ్లే కొట్టేసుకుంటారు. ఎవరికి వాళ్లు తమ మాటని కాగితం మీద మొదటిసారి చూసుకున్న రోజు అది. యాసలు కూడా అప్పుడే బయటపడ్డాయి. ఒక పిల్లాడు స్టేజీకి పనికిరాదనుకుని తన మాటని నాలుగు వారాలుగా నా ముందు దాస్తున్నాడని ఆ రోజు తెలిసింది.

ఆ తర్వాత క్రియల గొడవ. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. పేజీ మీద ఇబ్బంది ఉండదు, కన్ను వెనక్కి వెళ్లి చూసుకోగలదు. చెవికి ఆ సౌకర్యం లేదు. నాలుగు గజాల వాక్యం చెప్పి చివర "వెళ్లిపోయాడు" అనేసరికి ఎవరు వెళ్లారో మర్చిపోతాం. పైగా ప్రతి పాదం క్రియతో ముగిస్తే అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది: వెళ్లిపోయాడు, మారిపోయాడు, మిగిలిపోయాడు. ఊరికే దొరికిన ప్రాసకి విలువ లేదు, మూడోసారి వినేసరికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకని ఒక మొరటు నియమం పెట్టాను. పన్నెండు పాదాల్లో మూడు మాత్రమే క్రియతో ముగియాలి. "మరి వాక్యం పూర్తికాదు కదక్కా" అన్నాడొకడు. "కాకపోతే ఏమవుతుందో చూద్దాం" అన్నాను.

ఒక పిల్ల మొదట రాసింది:

అమ్మ రాత్రి చాలాసేపు మిషన్ కుట్టింది
నేను దుప్పటి కప్పుకుని ఆ చప్పుడు విన్నాను
పొద్దున్న ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి

రెండు వారాల తర్వాత:

రాత్రంతా మిషను.
దుప్పట్లో నేను. దుప్పటి బయట చప్పుడు.
పొద్దున అమ్మ కళ్లల్లో
ఎర్ర దారం.

ఆ "ఎర్ర దారం" నేను చెప్పింది కాదు. క్రియకి దారి మూసేస్తే ఆ పిల్లే వెతుక్కుని తెచ్చుకుంది.

పొడవు గురించి ఒక మాట. ఇంగ్లీషు స్లామ్ కవితల పదాల లెక్క మనకి కుదరదు. "చెప్పలేకపోతున్నావా" అనేది మనకి ఒక్క పదం, కానీ దాన్ని పలకడానికి పట్టే సమయం ఒక్క పదానిది కాదు. మా పిల్లలు ఆగుతూ చెప్తే 250 పదాలకే మూడు నిమిషాలు దగ్గరపడేవి. 400 పదాలు రాసుకొచ్చినవాళ్లు పరుగెత్తారు, పరుగులో ఒక్క పాదమూ వినబడలేదు.

గొంతు

ఐదో వారం వీడియోలు వేశాను. ఆరో వారానికల్లా అందరికీ స్లామ్ గొంతు అంటుకుంది. నెమ్మదిగా మొదలుపెట్టి, మధ్యలో వేగం పెంచి, చేత్తో గాలిని నరుకుతూ, చివరి పాదం గుసగుసగా చెప్పడం. జలుబులాంటిది, ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. తిడితే తగ్గదు. నేను చేసింది సన్నివేశం మార్చడం. నిద్రపోతున్న పసిపాప పక్కన చెప్పినట్టు చెప్పు. ఫోన్లో సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు చెప్పినట్టు చెప్పు. అబద్ధం చెప్తున్నావని అవతలివాళ్లకి అనుమానం వచ్చినప్పుడు చెప్పినట్టు చెప్పు. ఒకే కవితని ఐదు రకాలుగా చెప్పాక, ఏ పాదానికి ఏ గొంతు కావాలో పిల్లలే ఎంచుకున్నారు.

మర్చిపోవడం కూడా ప్రాక్టీసు చేశాం. మధ్యలో నేను చప్పట్లు కొడితే ఆగి, ఐదు సెకన్లు కదలకుండా నిలబడి, అంతకుముందు చెప్పిన పాదం నుంచి మళ్లీ అందుకోవాలి. స్టేజీ మీద ఐదు సెకన్లు ఎంత పొడవో, బయట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది వాళ్లకి. మర్చిపోయినవాళ్లకి ధైర్యం చెప్పడానికి హాలంతా చిటికెలు వేయడం స్లామ్‌లో అలవాటు. ఇది మాత్రం ఒక్కసారి చెప్తే సరిపోయింది.

నత్తి ఉన్న పద్నాలుగేళ్ల అబ్బాయి ఒకడున్నాడు. తనకి సమయం కోత వద్దని నేను ప్రకటించాను. ఒకమ్మాయి లేచి, "అతన్నడిగారా?" అంది. అడగలేదు. అడిగితే, "వద్దక్కా, నేనే తగ్గించుకుంటాను" అన్నాడు. 250 పదాల కవితని 140కి దించాడు. మిగిలిన మొత్తంలో ఒక్క పదం కూడా అదనంగా లేదు. అందరి కవితల్లోకి గట్టిగా చెక్కింది అదే. నత్తి తగ్గలేదు, తగ్గాలని మేం అనుకోనూ లేదు. పదం పట్టుకున్నచోట ఆగేవాడు, వదిలాక కదిలేవాడు.

ఏడో వారం

"ఏం లేదులే, పడుకో" అని రాసిన అమ్మాయికి పదహారేళ్లు. ఆ వాక్యం చుట్టూ ఒక కవిత అల్లింది. రాత్రి, పక్క గదిలో గొడవ, నాన్న గొంతు, గాజు పగిలిన చప్పుడు, తలుపు ఓరగా తీసి అమ్మ అన్న ఆ మాట. బాగుంది. కానీ కవిత గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఏడో వారం క్లాసు మొదట్లో అన్నాను: "ఇంకొంచెం లోపలికి వెళ్లమ్మా. తలుపు తీసినప్పుడు నీకేం కనబడింది? అసలు కవిత అక్కడుంది."

అలా అనడానికి నాకు రెండు కారణాలున్నాయి. రాసే మనిషిగా ఆ సలహా సరైనదేననిపించడం ఒకటి. రెండోది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ కవిత గెలుస్తుందని నాకు తెలుసు. నా బ్యాచ్ నుంచి అలాంటి కవిత ఒకటి రావాలని నాకుంది.

వరండాలో కూర్చుని అరగంటలో తిరగరాసింది. క్లాసు ముగిసేలోపు చెప్పింది కూడా. ఇద్దరు ఏడ్చారు. నేను కళ్లు తుడుచుకుని, "ఇదీ కవిత్వమంటే" అన్నాను.

ఆ నాలుగు ముక్కలూ మిగతా పిల్లలకి పాఠమైపోయాయి. మరుసటి వారం ముగ్గురు చావు కవితలు తెచ్చారు. అందులో ఒకడు బతికున్న తాతయ్యని చంపేశాడు. పోటీ రోజు ఆ తాతయ్య ముందు వరుసలో కూర్చున్నారు. దాని గురించి తర్వాత చాలా నవ్వుకున్నాం గానీ, ఎనిమిదో వారం నాకు నవ్వు రాలేదు. ఆ అమ్మాయి రాలేదు.

ఫోన్ చేశాను. "బాగానే ఉన్నానక్కా. ఆ రోజు నుంచి అందరూ నాతో మెల్లగా మాట్లాడుతున్నారు. అది నచ్చట్లేదు."

ఇంట్లో ఇప్పుడేమైనా భయంగా ఉందా అని సూటిగా అడిగాను. ఎవరికైనా ప్రమాదం ఉందనిపించే సంగతి బయటపడితే రహస్యంగా ఉంచుతానని మాటివ్వనని మొదటి వారమే అందరికీ చెప్పి ఉంచాను. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదు. అది పాత సంగతనీ, నాన్న ఇప్పుడు విడిగా ఉంటున్నాడనీ చెప్పింది. తను సరేనన్నాక వాళ్లమ్మతో కూడా మాట్లాడాను. ఆవిడ కోప్పడలేదు. "ముందు నాకొకసారి వినిపించి ఉంటే బాగుండేదండీ" అంది. ఆ కవితలో ఆవిడ కూడా ఉంది. ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఎనిమిదో వారం నుంచి రెండు నోట్‌బుక్కులు పెట్టించాను. ఒకటి ఇంటిది, ఒకటి స్టేజీది. మొదటిదాంట్లో ఏమైనా రాసుకోవచ్చు, నాకు కూడా చూపించక్కర్లేదు. ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి ఏది వెళ్లాలో రాసినవాళ్ల ఇష్టం. తేల్చుకోవడానికి బోర్డు మీద మూడు ప్రశ్నలు రాసి ఉంచాను. ఈ కవితలో నువ్వు కాక ఇంకెవరున్నారు? వాళ్లు హాల్లో కూర్చుంటే ఈ పాదం ఇలాగే చెప్తావా? మర్నాడు ఎవరైనా దీని గురించి అడిగితే ఏమంటావు? మూడోదానికి జవాబు లేకపోతే ఆ కవిత ఇంకా ఇంటి నోట్‌బుక్కులోనే ఉండాలి.

మెచ్చుకునే పద్ధతీ మార్చాను. "నీకెంత ధైర్యం!" అనడం నిషేధం. నాకు కూడా. కవిత చెప్పడం అయ్యాక మనిషి గురించి ఒక్క మాట వద్దు, పాదం గురించి చెప్పాలి. "'గాజు' తర్వాత ఆగావు చూడు, అక్కడ నాకు ఆ గది కనబడింది" లాంటి మాటలు. మొదట్లో పిల్లలకి ఇది రాయిలా తగిలింది. రెండు వారాల్లో బాగా పదునెక్కారు. పనితనం గురించి మాట్లాడితే ఎవరూ ఎవరితోనూ మెల్లగా మాట్లాడాల్సిన అవసరం రాదు.

తొమ్మిదో వారం ఆ అమ్మాయి వచ్చింది. పాత కవిత లేదు. ఫ్యాను మీద హాస్య కవిత తెచ్చింది. మూడు నిమిషాల్లో రెండుంపావు నిమిషాలు నవ్వే. చివర్లో ఇలా:

మా ఇంట్లో అందరికన్నా పెద్ద ఈ ఫ్యానే.
ఎవరు ఎవర్ని ఏమన్నా
దానిది ఒకటే మాట: టక్, టక్, టక్.
మొన్న రిపేరు చేయించాం.
ఆ రాత్రి ఎవరికీ నిద్రపట్టలేదు.
ఇప్పుడు అన్నీ వినబడుతున్నాయి.

చివరి మూడు పాదాలూ క్రియతోనే ముగిశాయి. చూపించాను. "తెలుసక్కా, అందుకే మిగతావన్నీ తీసేశాను" అంది.

పోటీ సాయంత్రం

పిల్లల్లో ఎవరినీ ఎరగని ఐదుగుర్ని ప్రేక్షకుల్లోంచి జడ్జీలుగా ఎంచుకున్నాం. వరుస కోసం చీటీలు తీశాం. జడ్జీల చెయ్యి కుదురుకోవడానికి ముందుగా పోటీలో లేని ఒకరు చదవాలి. ఇంగ్లీషులో ఆ కవికి బలి అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఆ బలి నేనే. నాకు 19.7 వచ్చింది. పదకొండు మందీ ఎగిరి గంతేశారు. టీచరుకి తక్కువ మార్కులు పడితే వచ్చే ధైర్యం ఏ ప్రాక్టీసులోనూ రాదు.

స్లామ్‌లో రాత్రి గడిచేకొద్దీ మార్కులు పెరుగుతాయి. ఇది అందరికీ తెలిసిన జబ్బు. పిల్లలకి నోటితో చెప్తే నమ్మరని, ఐదో వారంలో ఒకే కవితని మొదట్లో ఒకసారి, ఆఖర్న ఒకసారి చెప్పించి మార్కులు వేయించాం. రెండోసారి దాదాపు రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. రెండోసారి వినడం వల్ల కూడా కావచ్చు, గొప్ప ప్రయోగమేం కాదు. కానీ పోటీ రోజు ఉపయోగపడింది. మొదటి చీటీ అందరికన్నా చిన్నవాడికి, పదమూడేళ్లవాడికి పడింది. 6.8, 7.1, 7.2, 7.5, 8.9. అంటే 21.8. దిగి వచ్చి, "ఆఖర్న అయితే 24 వచ్చేదక్కా" అని వెళ్లి కూర్చున్నాడు.

నత్తి ఉన్న అబ్బాయికి 24.1. ఫ్యాను కవితకి 7.9, 8.3, 8.4, 8.6, 9.4, మొత్తం 25.3, నాలుగో స్థానం. గెలిచింది మొదటి వారంలో "ఓ సమాజమా" రాసిన అబ్బాయి. పది వారాలు నా మాట విని ఛార్జర్లూ దారాలూ రాసి, ఆఖరి నిమిషంలో మళ్లీ సమాజం దగ్గరికే వెళ్లాడు. 3 నిమిషాల 18 సెకన్లు మాట్లాడాడు. 27.6లో అర మార్కు పోయినా 27.1తో మొదటి స్థానం. హాలంతా కేకలు.

నాకు ఆ కవిత నచ్చలేదు. తర్వాత ఒక జడ్జీని అడిగాను. "ఆ అబ్బాయి చెప్తుంటే లేచి నిలబడాలనిపించిందండీ" అన్నాడాయన. పేజీ మీద చప్పగా ఉన్న పాదం రెండొందల మంది మధ్య చప్పగా ఉండదు. నా పాఠాల్లో దీనికి చోటు లేదు. చిన్న వివరం, సొంత అనుభవం, తగ్గించిన గొంతు, ఇవి నా అభిరుచి. నా అభిరుచినే పిల్లలకి స్లామ్ అని అమ్ముతున్నానా అని ఇప్పటికీ అనుమానంగానే ఉంది. పదిమందిని ఉద్దేశించి గట్టిగా పిలవడమూ ఒక విద్యే. వచ్చేసారి దానికి ఒక వారం కేటాయించాలి. "ఓ సమాజమా"లో ఆ "ఓ" పనిచేస్తుంది, ఆ సమాజం ఎవరో తేలాలంతే.

మధ్యలో మానేసిన ముగ్గురిలో ఇద్దరికి పరీక్షలు అడ్డొచ్చాయి. మూడో అమ్మాయికి రాయడం ఇష్టం, స్టేజీ ఇష్టం లేదు. ఆ మాట ఆమె మూడో వారంలోనే చెప్పింది. "అలవాటవుతుందిలే" అన్నాను. పోటీ రోజు తనే వచ్చి స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంది. గెలిచిన అబ్బాయికి ఆ ఎనిమిది సెకన్ల కోత వేసింది తనే, కొంచెం సంతోషంగానే. సమయం చూసేవాళ్లు, లెక్కలు వేసేవాళ్లు, ఒకరి కవితని ఇంకొకరు దిద్దేవాళ్లు అని మొదటి వారమే పనులు పంచి ఉంటే ఆమె పోయేది కాదు. రెండో రౌండు కూడా ఉండాల్సింది, అదీ మొదటిదానికి తలకిందుల వరుసలో. మొదటి చీటీవాడికి అది న్యాయం.

పోటీ అయిన వారం తర్వాత అందరం ఒకసారి కలిశాం. పాత కవితని ఏం చేశావని ఆ అమ్మాయిని అడగాలనిపించింది. అడగలేదు. తనే చెప్పింది, వాళ్లమ్మకి చదివి వినిపించిందట. ఆవిడ ఏమందో చెప్పలేదు. తను కొట్టేసిందని మొదట్లో చెప్పిన పేరా అదే.

కొత్త బ్యాచ్‌కి పదహారు పేర్లు వచ్చాయి. పది వారాల పట్టిక గోడకి అంటించాను. ఏడో వారం గడిలో ఏమీ రాయలేదు.